షాపు బోర్డు మీద తెలుగు అక్షరాలకి ఏ ఫాంట్ వాడితే బాగుంటుంది?

శ్రీ లక్ష్మీ బేకరీ అని పేరు, పన్నెండడుగుల షట్టరు, మెయిన్ రోడ్డు, తెలుగులో పేరు పెద్దగా రావాలి, బాపు అక్షరాలు పెట్టించనా రామభద్ర ఫాంటు పెట్టించనా అని అడిగారు. ఫాంట్ పేరు తర్వాత సంగతండీ. ముందు మీ షాపు పేరు ఒక తెల్లకాగితం మీద పెద్దగా రాసుకుని కిందకి దిగే ఒత్తులెన్ని, పైకి లేచే గుడులెన్ని, అవి ఎక్కడెక్కడ పడుతున్నాయి చూసుకోండి. దాన్ని బట్టి ఎన్ని లైన్లు, దాన్ని బట్టి బోర్డు ఎత్తు, అప్పుడు ఫాంటు. మన ఊళ్లల్లో అంతా తిరగేసి జరుగుతుంది, ముందు ఫ్రేము వెల్డింగ్ చేయించేస్తారు, తర్వాత ఆ ఫ్రేములోకి అక్షరాల్ని కుక్కుతారు.

నేను ప్రింటింగ్ లైన్లో ఉన్నవాణ్ణి, పెళ్లికార్డులు, బిల్లు బుక్కులు, కరపత్రాలు, పొద్దున లేస్తే తెలుగు అక్షరాలతోనే పని. మా పిన్ని తణుకులో కర్రీ పాయింట్ పెట్టినప్పటి సంగతి చెప్తాను, మీ బేకరీకి కూడా పనికొస్తుంది.

పేరు శ్రీ అన్నపూర్ణ కర్రీ పాయింట్. బోర్డు పదడుగులు బై మూడడుగులు. బాబాయి ఒక ఫ్లెక్స్ షాపుకి వెళ్లి చెప్పొచ్చాడు, సాయంత్రానికి వాట్సాప్‌లో డిజైన్ వచ్చేసింది. ఎర్ర బ్యాక్‌గ్రౌండు, పసుపు అక్షరాలు, వాటి చుట్టూ తెల్ల ఔట్‌లైను, దాని వెనక నల్ల షాడో, ఎడం పక్క అన్నపూర్ణాదేవి, కుడి పక్క గుత్తివంకాయ కూర, కింద మూలలో దణ్ణం పెడుతూ బాబాయి. ఫోన్లో చూస్తే భలే ఉంది, పిన్ని అందరికీ ఫార్వర్డ్ కూడా చేసింది. బోర్డు కట్టారు. మర్నాడు బాబాయి స్నేహితుడే సరిగ్గా ఆ బోర్డు కింద బండి ఆపి, ఎక్కడరా మీ షాపు అని ఫోన్ చేశాడు.

ఆ వారం నేను వెళ్లి రోడ్డుకి అవతల నిలబడి చూస్తే విషయం అర్థమైంది. పై లైన్లో అన్నపూర్ణ, కింది లైన్లో కర్రీ పాయింట్. న్న కింద ఒత్తు దిగి కింది లైన్లో ర్రీ గుడి మీద కూర్చుంది. రెండూ పసుపే, రెండింటికీ తెల్ల ఔట్‌లైనే, కలిసిపోయి ఒక ముద్ద. అంతకన్నా ఘోరం పూ దగ్గర. మన ప కి తలకట్టు విడిగా ఉంటుంది కదా, తలకట్టుకీ పొట్టకీ మధ్య చిన్న సందు, ఆ సందు వల్లే అది ప, అది మూసుకుపోతే దూరం నుంచి వ. అసలే లావు ఫాంటు, దానికి తోడు ఔట్‌లైను రెండు వైపుల నుంచీ వచ్చి ఆ సందు పూడ్చేసింది. రోడ్డు అవతలికి అన్నవూర్ణ అని కనిపిస్తోంది. దేవుడి పేరు అలా ఉంటే పిన్నికి ప్రాణం ఒప్పలేదు, తీసేయండి అంది.

టేపు పెట్టి కొలిచాను. మూడడుగుల బోర్డులో, గుడులూ ఒత్తులూ తీసేసి అసలు అక్షరం ఎత్తు నాలుగంగుళాలు! ఫొటోలు, బోర్డర్లు, ఫోన్ నంబరు తినేయగా మిగిలింది అది. బోర్డుల పనిలో ఒక మోటు లెక్క ఉంది, పదడుగుల దూరానికి అంగుళం అక్షరం. బండి మీద వచ్చేవాడికి వందడుగుల ముందే కనపడాలంటే పది అంగుళాలు ఉండాలి. ఇంగ్లీషు పెద్దక్షరాలకైతే ఆ లెక్క సింపుల్, అక్షరం ఎత్తే లైను ఎత్తు. తెలుగుకి అలా కుదరదు, అక్షరం పది అంగుళాలైతే పైన గుడికి ఐదు, కింద ఒత్తుకి ఐదు, లైను మొత్తం ఇరవై. మూడడుగుల బోర్డులో పైనా కిందా మార్జిన్ వదిలితే మిగిలేది ముప్ఫై అంగుళాలు, అందులో ఒకే లైను పెడితే అక్షరం పదిహేను అంగుళాలు వస్తుంది, రెండు లైన్లు పెడితే ఏడున్నరకి పడిపోతుంది. ఈ ఒక్క లెక్క డిజైన్ చేసేవాళ్లకి తెలిస్తే మన రోడ్లు సగం బాగుపడతాయని నా నమ్మకం.

తణుకులోనే ఒక పెద్దాయన ఉన్నారు, ఫ్లెక్సులు రాకముందు ఊళ్లో బోర్డులన్నీ ఆయన చేతివే, ఇప్పుడు లారీల మీద, ట్రాక్టర్ తొట్టెల మీద రాస్తున్నారు. ఆయన్ని పిలుచుకొచ్చాం. ఏ ఫాంటు అన్న మాటే లేదు. మొదట అడిగింది, అమ్మా, జనం ఎక్కువ ఎటువైపు నుంచి వస్తారు అని. బస్టాండు వైపు నుంచి అని పిన్ని చెప్తే అటు నడుచుకుంటూ వెళ్లి దూరం నుంచి చూసి వచ్చి, కరెంటు స్తంభం ఎడం చివర అడుగున్నర కమ్మేస్తోంది, అక్కడ అక్షరం పెట్టొద్దు ఖాళీ వదిలేద్దాం అన్నారు. ఎన్నో ఏళ్లుగా డిజైన్లు చూస్తున్నాను, ఇంత ముఖ్యమైన ప్రశ్న ఒక్క కంప్యూటర్ ఆపరేటర్ కూడా అడగ్గా వినలేదు.

రేకు బోర్డుకి పసుపు ఎనామిల్ రెండు కోట్లు వేసి ఆరబెట్టారు. సుద్దపొడి పట్టించిన దారాన్ని నేనొక చివరా ఆయనొక చివరా బిగించి పట్టుకుంటే, మధ్యలో వేలితో ఎత్తి వదిలారు, టప్ మని గీత పడింది. అలా మూడు గీతలు, అక్షరం తల, అక్షరం అడుగు, ఒత్తు అడుగు. బోర్డుకి ఎడం వైపు మూడింట రెండొంతుల్లో అన్నపూర్ణ ఒకే లైను, దాని పైన చిన్నగా శ్రీ. మిగతా కుడి వైపు చోట్లో కర్రీ ఒక లైను, పాయింట్ ఒక లైను, సగం సైజులో. అంటే అన్నపూర్ణ కింద ఏ అక్షరమూ లేదు, ఒత్తులు హాయిగా దిగొచ్చు. ఎడం చేత్తో గుడ్డ చుట్టిన కర్ర బోర్డుకి ఆనించి, దాని మీద కుడి మణికట్టు పెట్టి మెరూన్ రంగులో మొదలెట్టారు.

నేను దగ్గరుండి చూసింది ఒత్తులు రాసే పద్ధతి. న ఒత్తు సైజు సగమే, కానీ గీత లావు పైనున్న న కి ఎంతో దీనికీ అంతే. కంప్యూటర్లో ఒత్తుని పట్టుకుని చిన్నది చేస్తే గీత కూడా సన్నబడిపోతుంది, దూరానికి ఒత్తు మాయమై అనపూర అవుతుంది. ర్ణ దగ్గర ణ ఒత్తుని పూర్తిగా కిందకి దించకుండా ర కి కుడి పక్కకి ఎత్తి కూర్చోబెట్టారు, చివరి అక్షరం కాబట్టి పక్కన చోటుంది. పూ కి తలకట్టు పెట్టేటప్పుడు ఒక బ్రష్షు వెడల్పు సందు వదిలారు, ఇది పూడిందంటే వ అయిపోద్ది బాబూ అని ఆయనే అన్నారు, నేను పాత బోర్డు సంగతి చెప్పకుండానే. తలకట్లన్నీ ఒకే వాలు. అయ్యాక రోడ్డు అవతల నుంచే కాదు, ఆ వీధి చివర నుంచి కూడా చదవగలిగాను.

పసుపు మీద ముదురు రంగు అంటే మీ ఇంట్లో పాతకాలంగా ఉందంటారేమో. రైల్వే స్టేషన్ బోర్డు చూడండి, పసుపు మీద నలుపు, కదిలే రైల్లోంచి కూడా ఊరి పేరు చదువుతాం. ఫ్లెక్సు మీద ఎరుపు మాత్రం నమ్ముకోకండి, ఎండకి ముందు పోయేవి ఎరుపూ పసుపే, రెండు వేసవులు గడిస్తే నీలం, నలుపు మిగులుతాయి. మన గోదావరి జిల్లాల ఎండలకి అంతకాలం కూడా ఆగవు.

ఇక మీరడిగిన ఫాంట్లు. బాపు గారి అక్షరాలంటే నాకు ప్రాణం, పెళ్లికార్డుల మీద నేనే వాడతాను. వాటి అందమంతా ఆ సన్నం లావు విరుపులో ఉంది, కార్డు చేతిలో పట్టుకుని చూసేవాడి కోసం. రోడ్డు మీదకి తెస్తే సన్న గీతలు ఎగిరిపోతాయి. పైగా ఇప్పుడు పచ్చళ్ల షాపూ అదే, మెస్సూ అదే, టైలరూ అదే, మీ బేకరీ ఏదో ఎవరికి గుర్తుంటుంది? రామభద్ర బాగా లావు, రెండడుగుల అక్షరాలైతే ఓకే, చిన్న బోర్డుకి సందులు పూడిపోతాయి. మీకు నేను చెప్పేది అనేక్ తెలుగు. గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ, వ్యాపారానికి వాడుకున్నా ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. అందులో లావులే కాదు వెడల్పులు కూడా రకరకాలు ఉన్నాయి, అంటే చోటు చాలకపోతే ఇరుకు రకం, ఎక్కువుంటే వెడల్పు రకం తీసుకోవచ్చు, అక్షరాన్ని పట్టుకుని సాగదీయక్కర్లేదు. బేకరీ కాబట్టి గుండ్రంగా ముద్దుగా కావాలంటే బాలూ తమ్ముడు కూడా చూడండి, కాకపోతే మరీ లావు రకం వద్దు, ఔట్‌లైను అసలే వద్దు.

ఈ సాగదీయడం గురించి చెప్పకుండా ఉండలేను. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లో అక్షరం పక్క అంచు పట్టుకుని లాగేస్తారు, నిలువు గీతలు లావైపోతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి, గుండ్రటి తెలుగు అక్షరం నీళ్లలో నానిన బూందీలా అయిపోతుంది. ఒకరు ఎంతో కష్టపడి గీసిన అక్షరాన్ని అలా లాగడానికి చేతులెలా వస్తాయో నాకు ఇప్పటికీ తెలీదు. ఇంకోటి, చాలా షాపుల్లో ఇంకా ‘అను’ అనే పాత రకం ఫాంట్లే, అనుపమ, ప్రియాంక లాంటివి. అవి యూనికోడ్ కావు, అంటే మన ఫోన్లో టైపు చేసే తెలుగు వాటిలో నేరుగా పనిచేయదు, మీరు వాట్సాప్‌లో పంపిన పేరు అక్కడ మళ్లీ టైపు చేయాలి, లేదా కన్వర్ట్ చేయాలి, తప్పులు దొర్లేది అక్కడే. లేదంటే మీరు పంపింది పాత సాఫ్ట్‌వేర్లో పేస్ట్ చేస్తే ఒత్తులు ఊడొచ్చి పక్కన నిలబడతాయి. పాత వెర్షన్ ఫొటోషాప్‌లో కూడా వరల్డ్ రెడీ అనే టెక్స్ట్ సెట్టింగ్ ఆన్ చేయకపోతే అదే గతి. ప్రూఫ్ ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి, ముఖ్యంగా క్ష్మీ.

అక్రిలిక్ త్రీడీ అక్షరాలు పెట్టించాలని ఉంటే ఒక జాగ్రత్త. ప, స, ష ల తలకట్లు విడి ముక్కలుగా వస్తాయి. మా ఊళ్లో ఒక బట్టల షాపుకి ఫ్యాషన్స్ అని అలాంటివే పెట్టారు, మొదటి వర్షాకాలానికే ష మీద తలకట్టు ఊడి కింద కాలవలో పడింది, ఇప్పటికీ బోడి ష తోనే ఉంది. వెనక ఒక షీటు వేసి దానికి అన్ని ముక్కలూ అతికించమనండి. లోపల లైటు ఉండే గ్లో బోర్డు అయితే ముదురు బ్యాక్‌గ్రౌండు, లేత అక్షరాలు. తెల్ల బ్యాక్‌గ్రౌండులో రాత్రిపూట వెలుగంతా చుట్టూ పొంగి అక్షరాల్ని మింగేస్తుంది.

ఇంగ్లీషు పెద్దగా, తెలుగు మూలన చీమల్లా పెట్టే బోర్డులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బోర్డు మీద తెలుగు ఉండాలన్న రూలు మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది, రూలు కోసం పెట్టినట్టు పెడతారు. మీరు తెలుగులో పేరు పెద్దగా రావాలని అడిగారు చూడండి, ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

మీ పేరు సంగతికొస్తే, శ్రీ లో ర ఒత్తు, క్ష్మీ లో ష కింద మ కూడా దిగుతుంది, పైన దీర్ఘం. మొత్తం బోర్డులో అన్నిటికంటే ఎత్తు కావాల్సింది ఆ ఒక్క క్ష్మీ కే, దానికి సరిపోయేలా కొలిస్తే మిగతావన్నీ సరిపోతాయి. బేకరీ అన్న మాట లక్ష్మీ కింద పెట్టనీయకండి, పక్కన పెట్టించండి, పన్నెండడుగుల్లో సుబ్బరంగా పడుతుంది. ఫోన్ నంబరు షట్టరు మీద రాయించుకోండి, కేకు ఫొటో అద్దం మీద స్టిక్కర్ వేయించుకోండి, బోర్డు మీద రెండూ వద్దు. ఫైనల్ చేసే ముందు లక్ష్మీ ఒక్క మాటే అసలు సైజులో నల్లగా ప్రింటు తీయించి, షట్టరు మీద అతికించి, జనం వచ్చే వైపు నుంచి బండి మీద ఒకసారి వచ్చి చూడండి. ఫ్రేము వెల్డింగుకి ఇచ్చేశారా, ఇంకా లేదా కామెంట్లో చెప్పండి. ఇవ్వకపోతే మాత్రం ఎత్తు మూడడుగులు కాదు, నాలుగు చేయించండి.