గట్టు మీద లైన్ వేయకు

చిట్టీ,

విజయవాడ వైపు పొలాల్లో భూకంప సర్వేకి, అదే సమ్మెటతో కొట్టి నేలలో అల ఎంత వేగంగా పోతుందో చూసి మన్ను గట్టిదో మెత్తనిదో తేల్చే పనికి, పార్టీ చీఫ్‌గా, అంటే సర్వే జట్టుకి పెద్దగా, నిన్నే పంపుతున్నారని మీ నాన్న చెప్పాడు. వీధంతా చాటేశాను. మీ పెద్దమ్మతో అనలేదు గానీ, అప్పట్నుంచీ నాకు టెన్షనే.

మామూలు సంగతులు నీకు తెలుసు. నేల అదురు పట్టే జియోఫోన్ నిటారుగా గుచ్చాలి, లారీ వెళ్లేదాకా ఆగాలి. సమ్మెట లేచేసరికి పలక దగ్గర ఎవరి చెయ్యీ ఉండకూడదు. విసుక్కున్నా సరే, రోజూ అరిచి చెప్పు.

నా అసలు భయం వేరే. వెనకటికి ఒక సర్వే పార్టీ, పేరెందుకులే, డెల్టాలో కాలవ గట్టు మీద లైన్, అంటే జియోఫోన్ల వరస, వేసింది. పొలంలో మోకాలి లోతు దమ్ము. గట్టు మీదైతే జీపు పోతుంది, కేబుల్ తడవదు. గట్టేమో గ్రావెల్ పోసి, బండ్లు తిరిగి రాయైపోయింది. కట్టబోయేది మాత్రం కింద పొలంలో! పైన గట్టి పొర, అడుగున మెత్తటి బంకమన్ను ఉంటే తెరమీద అల వేగం చూపే వెలుగుపట్టీ మధ్యలో పై మోడ్‌కి, అంటే అల ఇంకో తీరుగా ఎక్కువ వేగంతో పోయే పట్టీకి, ఎగబాకుతుంది. వాళ్లు అదంతా ఒకటే మోడ్ అనుకుని గీత లాగేశారు. వేగం ఎక్కువొచ్చింది, నేల గట్టిదని రాసేశారు. తర్వాత పొలంలో బోరు వేస్తే, బరువుతో కొట్టి మన్ను గట్టిదనం చూసే ఎస్‌పీటీ గొట్టం మూడు దెబ్బలకే అడుగు దిగింది. ఎండాకాలం వెళ్తే బాధ లేదనుకోకు, నల్లరేగడి పైన పెచ్చు కట్టి అదే మోసం చేస్తుంది.

ఇంకోటి. సమ్మెట దెబ్బకి ఒక్కోసారి 15 మీటర్ల కింద ఏముందో తెలియదు. అయినా 30 మీటర్ల లోతుదాకా సగటు వేగం రాసేస్తారు. నువ్వు రాయకు. ఎంత లోతు చూశావో అంతే చెప్పు, పక్కన బోరు అడుగు. ఇంజినీరు నీ అంకె పట్టుకునే లెక్కలు కడతాడు, మళ్లీ నిన్నెవరూ అడగరు.

20 మీటర్ల మన్ను, అందులో అల వేగం సెకనుకి 200 మీటర్లు అనుకో. నాలుగు రెట్ల లోతుని వేగంతో భాగిస్తే 0.4 సెకను, ఆ మన్ను ఒకసారి ఊగడానికి పట్టే టైము. నాలుగంతస్తుల ఇల్లు ఊగేదీ దాదాపు అంతే, రెండూ కలిస్తే ఊపు పెరుగుతుంది. 2001లో భుజ్ కదిలితే, 200 కిలోమీటర్లు దాటి ఉన్న అహ్మదాబాదులో అపార్ట్‌మెంట్లు కూలాయి. కట్టుబడి లోపాలూ ఉన్నాయి, సబర్మతి మన్నూ ఉంది. 1967లో మన ఒంగోలు ఊగినప్పుడు నేను చిన్నవాణ్ణి. మీ నాయనమ్మ నన్ను జబ్బ పట్టి వీధిలోకి ఈడ్చింది. ఇప్పటికీ మంచం కిర్రుమంటే లేచి కూర్చుంటాను, నవ్వకు.

గీత లాగేముందు ఆ వెలుగుపట్టీ బొమ్మ నాకు వాట్సాప్‌లో పెట్టు. కళ్లజోడు మార్చాను, బాగానే కనిపిస్తోంది. చెప్పులతో ఫీల్డుకెళ్లావని తెలిసిందా, అక్కడికే వచ్చి తిడతాను. బూట్ల డబ్బులు పంపాను తల్లీ, వేరే వాటికి ఖర్చు పెట్టకు.

మీ పెదనాన్న