చైనా యక్షగానం అనకమ్మా

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. చైనాలో సుజౌ ప్రాంతపు పాత సంగీత నాటకం కున్‌చ్యూ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యం దగ్గరే కోపం వచ్చింది. "కున్‌చ్యూ అంటే చైనా యక్షగానం" అని రాశావు. కాదమ్మా. ఆ మాట చదివినవాడు తనకు తెలిసిన యక్షగానాన్నే తలుచుకుని అక్కడే ఆగిపోతాడు. సుజౌ దాకా నీ వెంట రాడు.

ఈ పోలికల జబ్బు పాతదే. నా మొదటి వ్యాసం కూడా కున్‌చ్యూ మీదే. ఒక స్నేహితుడి దగ్గర క్యాసెట్ అడిగి తెచ్చుకుని, టేపు సాగిపోయేదాకా నాలుగు నెలలు విన్నాను. భాష రాదు, చెప్పేవాళ్ళు లేరు. వేణువు మీద, చెక్కతాళం మీద రెండు పేజీలు రాస్తే, ఆ వారపత్రిక సంపాదకుడు "ఇవన్నీ మనవాళ్ళకెందుకండీ" అని కొట్టేసి, "చైనా వీధినాటకం" అని శీర్షిక పెట్టాడు. ముప్పయ్యేళ్ళు దాటినా ఆ శీర్షిక గుర్తొస్తే నాకు కడుపు రగులుతుంది.

పోలిక కావాలంటే వాళ్ళదే తీసుకో. గాయకుడు వెయ్ లియాంగ్‌ఫు ఈ పాటను కనిపెట్టాడన్నావు. కున్‌చ్యూకు మూలమైన కున్‌షాన్ బాణీ ఆయన కంటే ముందే ఉంది. దక్షిణాన హైయాన్, యుయావో, ఇయాంగ్ బాణీలు కూడా ఉండేవి. 16వ శతాబ్దంలో ఆయన, ఉత్తరాది పాటలో తనను మించినవాడు ఎదురైతే దాన్ని వదిలేసి, దక్షిణాది పాట పట్టుకుని పదేళ్ళు మేడ దిగలేదని చెబుతారు. సుజౌ దగ్గరి తైత్సాంగ్ ఊళ్ళో తోటి గాయకులతో, వాద్యగాళ్ళతో కలిసి ఉన్న బాణీనే సాన పట్టాడు. అలా తేలిన పాటకు అక్కడివాళ్ళు పెట్టిన పేరు "ష్వేయ్‌మో", అంటే నీళ్ళు పోస్తూ నూరడం. ఈ ఒక్క మాట చాలదా నీకు?

ఆ నూరడం ఎలా ఉంటుందో విను. ఒక్క అక్షరానికి తల, పొట్ట, తోక ఉంటాయి. గాయని తలను మెల్లగా అందుకుని, పొట్టను కొన్ని తాళాల దాకా సాగదీసి, తోకను జాగ్రత్తగా మూస్తుంది. చైనా భాషలో గొంతు ఎగువకో దిగువకో మారితే అర్థమే మారిపోతుంది కాబట్టి, రాగం కూడా మాట పోయే దారినే పోవాలి. నువ్వు "తేనెలొలికే గానం" అన్నచోట నాకు ఇదేదీ వినపడలేదు.

లియాంగ్ చెన్‌యు గురించి ఒక్క వాక్యం రాశావు. కూర్చుని పాడుకునే ఆ బాణీని "హ్వాన్‌షా జి" నాటకంతో రంగస్థలం ఎక్కించింది ఆయనే. ఏటి ఒడ్డున నూలు ఉతుక్కునే షీ షీ అనే పిల్లను, ఓడిపోయిన తమ రాజు కోసం శత్రురాజు అంతఃపురానికి పంపే కథ అది. 2001 యునెస్కో గుర్తింపుకు మాత్రం పేజీ ఇచ్చావు. ఆ పేజీ ఆయనకివ్వు.

ఏ పత్రికకు పంపాలి, పారితోషికం ఎంత ఇస్తారు అని అడిగావు. ముందు రెండో పేజీ మళ్ళీ రాయి.

నాలుగో పేరా ముట్టుకోకు. వేణువు వాయించే ముసలాయన గాయని భుజాలనే చూస్తూ, ఆమె ఊపిరి తీసినప్పుడే తనూ తీసుకుంటాడని రాశావే, అది. అది చదివాక లేచి వెళ్ళి అటక మీద నా పాత క్యాసెట్ వెతికి తెచ్చుకున్నాను. వినడానికి ఇంట్లో ప్లేయర్ లేదు. బల్ల మీద పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.