ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లలు.. ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి?

ప్రశ్న: మా ఇంట్లో నాలుగున్నర నెలల లాబ్రడార్ పిల్లలు రెండున్నాయి. ఒకే ఈతలో పుట్టాయి. ఒకటి మగ, ఒకటి ఆడ. క్షణం కూడా విడిగా ఉండలేవు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి? రెండింటికీ ఒకేరోజు చేయించొచ్చా? తోబుట్టువులు జతకట్టవని, ఆడదానికి ఒక ఈత అయ్యాకే చేయించమని బంధువులు అంటున్నారు.

జవాబు: కుక్కలకు వావివరసలు తెలియవండీ. మగది 6 నెలలకే తండ్రి కాగలదు. లాబ్రడార్ ఆడది చాలావరకు 8 నుంచి 12 నెలల మధ్య మొదటిసారి ఎదకు వస్తుంది, కొన్ని ఇంకా ముందే వస్తాయి. తోబుట్టువులకు పుట్టే పిల్లల్లో జన్యులోపాలు బయటపడే ముప్పు ఎక్కువ. ఒక ఈత అయితే ఆడదాని ఆరోగ్యానికి మంచిదన్న మాటలోనూ నిజం లేదు.

చిన్న జాతులకైతే 6 నెలలకు చేయించమని సూటిగా చెప్పేసేవాణ్ని. లాబ్రడార్‌తో అలా కుదరదు. ఎముకల ఎదుగుదల సరైన సమయానికి ఆగడంలో లైంగిక హార్మోన్ల పాత్ర ఉంటుంది. మరీ ముందే ఆపరేషన్ చేస్తే తుంటి, మోకాలి సమస్యల ముప్పు పెరుగుతుంది. అలాగని ఆడదాని విషయంలో ఏళ్ల తరబడి వదిలేస్తే గర్భసంచిలో చీము పట్టొచ్చు, రొమ్ము కణితులు రావచ్చు.

కాబట్టి ముందు ఒకటి తేల్చుకోండి. ఆడది ఎదకొచ్చిన మూడు వారాలూ మగదాన్ని వేరే ఇంట్లో ఉంచగలరా? పక్క గదిలో పెట్టి తలుపేస్తామంటే నేను ఒప్పుకోను. ఎవరో ఒకరు మరిచిపోయి తలుపు తీస్తారు. ఉంచగలిగితే ఆడదానికి ఏడాది దాటాక చేయించండి. ఎదలో ఉండగా మాత్రం వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. ఎద ముగిశాక రెండు మూడు నెలలు ఆగాలి. ఉంచలేకపోతే 6, 7 నెలల మధ్య, మొదటి ఎదకు ముందే చేయించేయండి. ఆ తర్వాత మగదానికి తొందరేం లేదు, ఏడాది దాటాక చూసుకోవచ్చు. ఒకేరోజు చేయించాల్సిన అవసరం అసలే లేదు.

అయితే అవి విడిగా ఉండలేకపోవడమే నాకు ఎక్కువ బెంగగా ఉంది. ఆపరేషన్‌తో అది పోదు. ఇలాంటి జంటే ఒకటి నా దగ్గరకొచ్చింది. అన్నను బయటికి తీసుకెళ్లగానే చెల్లెలు బల్లమీద వణికిపోయింది, ముక్కు దగ్గర పెట్టిన బిస్కెట్‌ను వాసన కూడా చూడలేదు. అన్న తిరిగొచ్చాడు, మరుక్షణం తినేసింది. రెండూ ఒకదాన్నొకటి చూసుకునే పెరిగితే మనిషి మాట వాటి చెవికెక్కదు.

ఇవాళే మొదలుపెట్టండి. గిన్నెలు వేరు, పడకలు వేరు. వాకింగ్‌కు ఒకసారి ఒకదాన్నే, వీలైతే వేర్వేరు మనుషులు తీసుకెళ్లాలి. పేరు పిలిస్తే రావడం, కూర్చోవడం విడివిడిగానే నేర్పండి. మొదట ఐదు నిమిషాలు విడదీయండి. ఆ కాసేపూ నమలడానికి ఏదైనా ఇస్తే ఏడుపు తగ్గుతుంది. మెల్లగా గంట దాకా పెంచండి. కలిసి ఆడుకోవడం మాన్పించొద్దు, పాపం, అది వాటికి కావాలి.

ఈ అలవాటు ఆపరేషన్ అయ్యాక కూడా అక్కరకొస్తుంది. మెడకు కాలర్ కట్టి దాని కుట్లు అది నాకకుండా ఆపగలం కానీ, రెండోది వచ్చి నాకుతుంది. అందుకే 10 నుంచి 14 రోజులు రెండింటినీ వేర్వేరు గదుల్లో ఉంచాలి.