మామిడి లెక్కలు రెండు చోట్ల ఉన్నప్పుడు

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలోని రైతుల డేటాబేసుకూ, తిరుపతి ఆఫీసులో ఉన్న దాని ప్రతికీ పొంతన కుదరడం లేదనీ, తేడాలు పట్టించే సాఫ్ట్‌వేర్లలో ఏది మేలనీ అడిగావు. ఏదో ఒకటి ఎంచుకునే ముందు, అక్కడి ఏ వరుసకు ఇక్కడి ఏ వరుస జోడీ అవుతుందో దేన్నిబట్టి చెప్పగలవో తేల్చుకో. తేడాలు చూపే పనిముట్లన్నీ ఆ జోడీ మీదనే ఆధారపడతాయి.

మీది ఎస్‌క్యూలైట్ అనే, ఒకే ఫైలులో ఉండే డేటాబేసు కనుక, దానితోపాటే ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్‌డిఫ్ అనే తేడాలు చూపే పనిముట్టుతో మొదలుపెట్టు. మొదటి డేటాబేసును రెండోదానిలా మార్చడానికి కావలసిన ఆదేశాలను అది రాసి చూపుతుందే తప్ప, తానుగా దేన్నీ మార్చదు. అయితే మామూలుగా అది వరుసలను జతపరిచేది రోఐడీ అనే లోపలి సంఖ్యతో. రెండు చోట్లా రైతులను వేర్వేరు క్రమంలో ఎక్కించి ఉంటే, చంద్రగిరి రైతును బంగారుపాలెం రైతుతో పోల్చి లేని తేడాలు కూడా చూపుతుంది. రైతు కోడును పట్టికలో ప్రైమరీ కీగా, అంటే ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే గడిగా ఉంచి, ప్రైమరీకీ అనే ఆప్షన్‌తో నడిపితే ఈ చిక్కు తీరుతుంది. ట్రిగ్గర్లలో (మార్పు జరిగినప్పుడు తమంతట నడిచే ఆదేశాలు), వ్యూలలో (దాచిపెట్టిన ప్రశ్నలు) ఉన్న తేడాలను మాత్రం అది చూపదు కాబట్టి వాటిని నువ్వే విడిగా చూసుకోవాలి.

మీ తేడాల్లో చాలా భాగం జిల్లా గడిలోనే ఉంటాయని నా అనుమానం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక ఒకచోట చంద్రగిరి రైతుల జిల్లాను మార్చి, మరోచోట చిత్తూరు అనే వదిలేసి ఉంటారు. అలాంటప్పుడు రెండు డేటాబేసులనూ అటాచ్ ఆదేశంతో ఒకేచోట తెరిచి, జిల్లా గడిని వదిలి మిగిలిన గడులను మాత్రం ఎక్సెప్ట్ ఆదేశంతో పోల్చు. అది ఒకవైపు లేనివాటినే చూపుతుంది కనుక అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి నడపాలి. ఒకే వరుస రెండుసార్లు ఎక్కి ఉంటే ఆ సంగతి అందులో బయటపడదు.

తెలుగు పేర్లతో ఇంకొక తంటా ఉంది. ఖాదర్ వంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. తెరమీద రెండూ ఒకటిగానే కనిపించినా, యంత్రానికి అవి వేర్వేరు. నకలు తీసుకుని, అందులో ఆ అక్షరాన్ని, అంటే యూనికోడ్ 200సి సంకేతాన్ని తీసేసి పోల్చు. అసలులో మాత్రం తీయవద్దు, కొన్ని మాటల మధ్య అది అవసరమే.

రేపు మీరు మైక్రోసాఫ్ట్ వారి పెద్ద డేటాబేసు ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మారితే, రెడ్‌గేట్ వారి ఎస్‌క్యూఎల్ కంపేర్ పట్టికల నిర్మాణాన్నీ, డేటా కంపేర్ లోపలి సమాచారాన్నీ చూస్తాయి. రెండూ వేర్వేరు సరుకులని గుర్తుంచుకో. మీ పరిమాణానికి ఇప్పుడు ఆ ఖర్చు దండగ.

ఇక స్కాన్ చేసిన తూకం చీటీల సంగతి. ఒకే చీటీ మూడు ఫోల్డర్లలో పడి ఉంటే, వాటిని హార్డ్ లింకులుగా, అంటే ఒకే ఫైలుకు పలు పేర్లుగా కలిపి చోటు మిగుల్చుకోవచ్చు. ఇందుకు పనికొచ్చే పనిముట్లలో ఎఫ్‌డూప్స్ పరిమాణం, ఎండీ5 (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తు), చివరికి బైటు బైటు పోల్చి నకళ్లను చెబుతుంది. జేడూప్స్ వాటిని లింకులుగా కూడా మారుస్తుంది. ఆర్‌డిఫైండ్‌లో డ్రైరన్ అనే ఆప్షన్ ఉన్నందున, ఏం జరగబోతుందో ముందే చూడవచ్చు. నాకు అదే నచ్చుతుంది.

కానీ హార్డ్ లింకంటే ఒకే ఫైలుకు రెండు పేర్లు, అంతే. నేను పనిచేసిన ఒకచోట ఇలాగే కలిపేశాక, ఒక కుర్రవాడు తన ఫోల్డర్‌లోని చీటీని సరిచేయబోయి పాడుచేస్తే, మేము భద్రమనుకున్న ప్రతి కూడా అదే క్షణంలో పాడైంది. అందుకే బ్యాకప్‌ను ఎన్నడూ ఈ లింకుల్లోకి లాగవద్దు. సింబాలిక్ లింకు వేరు. అది దారిని మాత్రమే గుర్తుంచుకుంటుంది, అసలు ఫైలును జరిపితే తెగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో హార్డ్ లింకులు అసలు కుదరవు.

తోతాపురి లారీలు జూన్‌లో వరుస కట్టాక ఈ పని పెట్టుకోవద్దు. అంతకుముందే ఒక ఆదివారం రెండు డేటాబేసుల నకళ్లు తీసుకుని ఇక్కడికి రా. మీ అత్తయ్య భోజనం సిద్ధం చేసేలోపు మొదటి జాబితా చూసేద్దాం.