విశ్వాసం తరఫున మైకు ముందు కూర్చున్న మనవడికి

బాపట్ల,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన మనవడికి, ప్రభువు నామమున తాతయ్య ఆశీస్సులు.

మన విశ్వాసాన్ని సమర్థిస్తూ నీవు చేసి పంపిన మూడు వీడియోలను మీ నాయనమ్మ ఫోనులో పెట్టి ఇస్తే రెండేసి సార్లు చూశాను. వాటి కింద జనం రాసిన మాటలు కూడా, కళ్లజోడు తుడుచుకుంటూ, చాలా దూరం చదివాను. ఎవరినీ తిట్టకుండా ఆధారాలతోనే మాట్లాడినా ఇంత కోపం ఎందుకు వచ్చిందని నీవు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. సంఘంలో నీకు దొరికే జవాబు నాకు తెలుసు: సత్యం చెప్పినవాడిని లోకం ద్వేషిస్తుంది అంటారు. ఆ మాట వాక్యంలో ఉన్నదే కాని, ప్రతి తిట్టుకూ దానిని అడ్డం పెట్టుకుంటే మన తప్పు మనకు ఎన్నటికీ కనబడదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకొని చదువు.

నీవు చేస్తున్న విశ్వాస సమర్థనకు ఆధారంగా అందరూ చూపించేది పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం 15వ వచనం. మన తెలుగు బైబిలులో అక్కడ ‘సమాధానము’ అని ఉన్నచోట గ్రీకులో ఉన్న మాట అపొలోగియా. అది న్యాయస్థానపు మాట. నేరం మోపబడినవాడు తన తరఫున చెప్పుకొనే జవాబు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే విశ్వాసి రోము చక్రవర్తి ఆంటొనైనస్ పయస్‌కు విన్నపం రాసుకున్నాడు. క్రైస్తవుడన్న పేరు ఒక్కటే మనిషిని శిక్షించడానికి చాలిన రోజులవి. అతడు బోనులో నిలబడి మాట్లాడాడు. నీ మూడో వీడియోలో నీవు నిలబడింది ప్రాసిక్యూటరు బల్ల దగ్గర. ఎవరూ అడగని ప్రశ్నకు సమాధానం చెబుతూ, పక్కింటివాళ్ల పూజగదిని నేరానికి రుజువుగా చూపించావు. ఆ వచనం ‘అడుగు ప్రతివానికిని’ అంటుంది, ‘సాత్వికముతోను భయముతోను’ అని కూడా అంటుంది. మన ప్రసంగీకులు ‘సిద్ధముగా ఉండి’ అన్న ముక్కను గట్టిగా చదివి, ఆ రెండు మాటల దగ్గర గొంతు తగ్గించడం నేను అరవై ఏళ్లుగా వింటున్నాను.

నేనూ ఆ బల్ల దగ్గర నిలబడినవాడినే కాబట్టి చెబుతున్నాను. 1979లో నేను కొత్తగా లెక్చరరుగా చేరిన ఊళ్లో, అమ్మవారి జాతర మరునాడు, మా సంఘం యువకులు జీపుకు మైకు కట్టి నన్ను మాట్లాడమన్నారు. నా పుస్తక జ్ఞానమంతా ఉపయోగించి, నోరులేని రాయికి మొక్కేవారి గురించి చమత్కారంగా మాట్లాడాను. జీపు చుట్టూ ఉన్న మనవాళ్లు నవ్వారు. పది గజాల దూరంలో, అరుగు మీద, మా పక్కింటి పెద్దావిడ కూర్చొని ఉన్నదని తరువాత తెలిసింది. మీ నాన్న పుట్టినప్పుడు మీ నాయనమ్మకు ఇరవై రోజులు పథ్యం వండి పెట్టిన మనిషి ఆమె. నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పటిలాగే పలకరించింది. ఆ ఏడాది సంక్రాంతికి మాత్రం వాళ్లింటి అరిసెల గిన్నె మా గుమ్మం ఎక్కలేదు.

నీవు చదివి బాధపడుతున్న ఆ తిట్లలో చాలావాటిని నేను ఆ రాని గిన్నెలుగా చదివాను. గిన్నె పంపడం మానేసి మనసు తెలియజేయాలంటే, గిన్నెలు ఇచ్చిపుచ్చుకొనే పొరుగు ఉండాలి. అనంతపురంలో కూర్చొని నీ వీడియో చూసినవాడికి నీతో అటువంటి బంధమేమీ లేదు. తెంచుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు, వీడియో కింద రాయడానికి ఒక గీత మాత్రం ఉన్నది. నొచ్చుకున్నానని చెప్పడానికి అతడికి మిగిలిన ఒకే సాధనం తిట్టు. దానిని సమర్థించడం లేదు. దాని వెనుక ఉన్నది నీ వాదాన్ని ఖండించలేని అసమర్థత అని నీవు అనుకుంటున్నావు చూశావా, అది పొరపాటు అంటున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ వీడియో మొదట్లో ‘హిందూ సోదరులారా’ అని పిలిచావు. ఆ తరువాత ఇరవై నిమిషాలూ వారిని ‘వాళ్లు’ అన్నావు. వాళ్లు ఇలా నమ్ముతారు, వాళ్లను అడిగితే జవాబు ఉండదు, వాళ్ల పండితులకే తెలియదు. పిలిచింది ఒకరిని, మాట్లాడింది ఇంకొకరితో. ఎదుటివాడికి ముఖం చూపించి, వెనుక కూర్చున్న మనవాళ్ల ఆమెన్ కోసం చెవి అటు పెట్టావు. పిలుపు విని వచ్చి కూర్చున్నవాడికి తాను అతిథిని కాననీ, తనను చూపించి ఇంకెవరినో నవ్విస్తున్నారనీ రెండో నిమిషంలోనే అర్థమవుతుంది. సిద్ధాంతం నచ్చనందుకు మనుషులకు అంత కోపం రాదు. నలుగురిలో తమను వస్తువుగా వాడుకున్నందుకు వస్తుంది. ఇది మన మతం ఒక్కదాని జబ్బు కాదు. హిందూ ధర్మం తరఫున, ఇస్లాం తరఫున, నాస్తికత్వం తరఫున తెలుగులో మాట్లాడే గట్టి వక్తలను కూడా ఈ మధ్య కొందరిని విన్నాను. మన పరిశుద్ధ గ్రంథంలోని వచనాన్ని సగం చదివి వారి సభ నవ్వినప్పుడు నాకు కలిగిన మంట ఎటువంటిదో గమనించుకున్నాను. నీకు రాసిన అనంతపురం అబ్బాయి మంట అదే.

నేను పనిచేసిన కళాశాలలో తర్కం చదువుకున్న సంస్కృత పండితులొకరు ఉండేవారు. జీపు సంగతి తెలిసి, ఆయన నన్ను మందలించకుండా, న్యాయం అనే మన ప్రాచీన తర్కశాస్త్రంలో చర్చ మూడు రకాలని పాఠం మొదలుపెట్టారు. సత్యం తేల్చుకోవడానికి ఇద్దరు కూర్చొని చేసేది వాదం. గెలవడమే గురిగా, మోసపు ఎత్తులకు కూడా వెనుదీయకుండా చేసేది జల్పం. తన పక్షమేమిటో నిలబెట్టకుండా ఎదుటివాడిని పడగొట్టడమే పనిగా పెట్టుకొన్నది వితండ. మనం వాడుకలో వితండవాదం అని రెండింటినీ కలిపేశాం కాని, శాస్త్రంలో అవి వేరు. ఆ ఎత్తులలో ఒకటి ఛలం. ఎదుటివాడి మాటకు అతడు ఉద్దేశించని అర్థం అంటగట్టడం. ‘నవకంబలం’ కప్పుకున్నాడు అంటే కొత్త కంబళి అని చెప్పినవాడి ఉద్దేశం; ‘తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయయ్యా, ఒక్కటే కదా’ అని ఎగతాళి చేయడం ఛలం. ఎదుటి మతంవారి గంటసేపటి ప్రవచనం నుంచి నలభై సెకన్లు కత్తిరించి, దానికి నవ్వు శబ్దం అతికించి నీవు పెట్టిన ఆ చిన్న ముక్క వీడియో ఏ కోవలోకి వస్తుందో నీవే చెప్పు. నేనైతే తొమ్మిది కంబళ్లు లెక్కపెట్టాను.

ఆయనే నాకు పూర్వపక్షం చేయడం నేర్పించారు. మన దేశపు దర్శన గ్రంథాలలో ఎదుటివారి మతాన్ని ముందు పూర్తిగా, బలంగా, వారి మాటల్లోనే చెప్పి, ఆ తరువాతనే తమ సిద్ధాంతం మొదలుపెడతారు. నీవు విగ్రహారాధన గురించి మాట్లాడదలిస్తే, ప్రాణప్రతిష్ఠ అంటే ఏమిటో, అర్చావతారం అని వైష్ణవులు దేనిని అంటారో వారు విని ‘అవును, మేము నమ్మేది ఇదే’ అనేటట్టు ముందు చెప్పగలగాలి. అది చెప్పగలిగిననాడు నీ వాదంలో సగం పదును పోతుంది. పోనీ, మిగిలిన సగమే నీ దగ్గర నిజంగా ఉన్నది.

ఈ పాఠం నేర్చుకోకుండా బరిలోకి దిగితే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉన్నది. 1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో కార్ల్ ఫాండర్ అనే జర్మన్ మిషనరీకీ రహమతుల్లా కైరానవీ అనే ముస్లిం పండితునికీ బహిరంగ చర్చ జరిగింది. ఫాండర్ చాలా ఏళ్లుగా ఇస్లాం మీద రాస్తున్నవాడు. కాని అవతలి పక్షాన ఉన్న వజీర్ ఖాన్ అనే వైద్యుడు, బైబిలు మూలప్రతుల మీద యూరపు విమర్శకులే రాసిన పుస్తకాలను ముందే సంపాదించి ఉంచాడు. ప్రతికీ ప్రతికీ మధ్య పాఠభేదాలు ఉన్నాయని ఫాండర్ ఒప్పుకోక తప్పలేదు; రెండు రోజులకే చర్చ ఆగిపోయింది. నీ ఎదుటివాడు నీ గ్రంథం నీకంటే శ్రద్ధగా చదివి ఉండవచ్చు. చదివినవాడిని ‘నీకేం తెలుసు’ అంటే అతనికి వచ్చేది మామూలు కోపం కాదు.

యంత్రం సంగతి కూడా కొంచెం చెప్పాలి. నీకు నాకంటే బాగా తెలుసు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. ఫేస్‌బుక్‌లో 2017 నుంచి కొంతకాలం, ఎవరికి ఏది చూపించాలో నిర్ణయించే లెక్కలో కోపపు బొమ్మకూ తక్కిన బొమ్మలకూ మామూలు లైకు కంటే ఐదు రెట్లు విలువ కట్టారని తరువాత బయటపడింది. అంటే నీ మీద కోపగించినవాడే నీ వీడియోను మరో పదిమంది ముందుకు తోశాడు. నీ మొదటి వీడియో, అంటే క్షమాపణ గురించి నెమ్మదిగా చెప్పినది, నాకు అన్నిటికంటే నచ్చినది, ఎవరూ చూడలేదు. మూడోది ఊరంతా తిరిగింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకొని నాలుగో వీడియో రాయడానికి కూర్చుంటే నీ చెయ్యి ఎటు లాగుతుందో ఊహించగలను. ప్రార్థన చేసుకొని కూర్చున్నా లాగుతుంది.

ఇక, నీవు ఎంత సాత్వికంగా మాట్లాడినా కొంత కోపం తప్పదు. మన నేల మీద ‘అన్ని దారులూ ఒక్కచోటికే’ అనడం సిద్ధాంతం అన్నదానికంటే మర్యాద. ఇంటికి వచ్చినవాడికి కాఫీ ఇవ్వడం వంటిది. యేసు ఒక్కడే మార్గం అన్నప్పుడు మనం ఆ కాఫీని వద్దంటున్నాం. నీ నమ్మకం అదే అయితే దాచిపెట్టమని నేను చెప్పను, దాచడం మోసం. వద్దన్నందుకు ఇచ్చినవారి ముఖం చిన్నబోతుందని తెలిసే వద్దని చెప్పు. అంతే.

దీనికి తోడు మన క్రైస్తవుల కులపు గతం ఒకటి ఉన్నది. నీ వీడియోల కింద తిండికి ఆశపడి మతం మారారన్న ఎగతాళితో ‘గోధుమపిండికి మారినవాళ్లు’ అనీ, కులం కాగితం అడుగుతూ ‘సర్టిఫికెట్టు చూపించు’ అనీ రాసిన మాటలు నీవు చదివావు. ఒంగోలు ప్రాంతంలో 1876-78 కరవు తరువాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. కరవు సహాయపు పని జరుగుతున్నంత కాలం అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బాప్తిస్మాలు ఇవ్వడం ఆపి ఉంచాడన్నది ఎగతాళి చేసేవారికి తెలియదు, మనవాళ్లలోనూ చాలామందికి తెలియదు. ఇక, ఎస్సీ హోదాను హిందువులకూ, 1956 నుంచి సిక్కులకూ, 1990 నుంచి బౌద్ధులకూ మాత్రమే పరిమితం చేసిన 1950 నాటి ఉత్తర్వు కారణంగా, మన దగ్గర క్రైస్తవులుగా మారిన దళితులు వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ కిందికి వస్తారు. కాబట్టి నీవు త్రిత్వం గురించి మాట్లాడుతున్నా, వినేవాడు కొన్నిసార్లు నీ కులం గురించీ, నీ కాగితం గురించీ వింటున్నాడు. ఆ తిట్లకు నీవు బాధ్యుడవు కావు, వాటికి తల వంచనవసరమూ లేదు. వాటిని ఫొటో తీసి దాచు, బెదిరింపు ఉంటే పోలీసుల దగ్గరకు వెళ్లు. కాని ఆ తిట్లను చూపించి, మర్యాదగా అభ్యంతరం చెప్పినవారిని కూడా అదే గుంపులో కట్టివేయకు.

మనవాళ్ల కోపమూ నీకు ఆశ్చర్యం కలిగించినట్టుంది. మీ ఆఫీసులో నీతో చర్చికి వచ్చే ఇద్దరు నీతో మాట్లాడడం మానేశారని రాశావు. నీవు ఇంట్లో మైకు ముందు అన్నదానికి వారు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర జవాబు చెప్పుకోవలసి వస్తున్నది. వాళ్ల తరఫున మాట్లాడమని వాళ్లు నీకు వకాల్తా ఇవ్వలేదు. అన్నిటికంటే పదునుగా రాసినవారు, మన సంఘాలలో పెరిగి బయటికి వెళ్లిపోయినవారు. వారి మాటలను మాత్రం తప్పకుండా చదువు, ఎక్కడ గాయపడ్డారో వారే చెబుతున్నారు.

చట్టం గురించి ఒక్క మాట. మత విశ్వాసాలను కావాలని, దురుద్దేశంతో అవమానించడం నేరమని 1927లో పెట్టిన 295-ఎ సెక్షను ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299గా ఉన్నది, మూడేళ్ల వరకు శిక్ష. నీవు దాని అంచు దాకా కూడా వెళ్లలేదు. అయితే నేరం కానంత మాత్రాన మర్యాద అవుతుందనుకోవద్దు.

కర్నూలు జిల్లా ఎర్రగుడికి ఒకసారి విద్యార్థులను తీసుకువెళ్లాను. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, బండరాళ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. వాటిలో పన్నెండోది వాక్కును అదుపులో పెట్టుకోవడం గురించి. తన మతం మీది భక్తితో తన మతాన్నే పొగిడి పరుల మతాన్ని నిందించేవాడు, నిజానికి తన మతానికే ఎక్కువ హాని చేస్తాడని అందులో ఉన్నది. బౌద్ధుడైన రాజు చెక్కించిన ఆ మాటను ఒక బాప్టిస్టు లెక్చరరు హిందూ, ముస్లిం పిల్లలకు అర్థం చెబుతుంటే ఎండకు రాయి కాలిపోతున్నది. జీపు రాత్రి గుర్తుకువచ్చి, వాక్యం మధ్యలో ఆగిపోయాను.

మూడో వీడియో తీసివేయమని నేను చెప్పను. ఆ నలభై సెకన్ల ముక్క మాత్రం ఈ రాత్రికే తీసివేయి. దాని గురించి వివరణ వీడియో చేయకు, కోపంలో ఉన్నవారికి ఇంకో వీడియో జవాబు కాదు. ఏ వీడియో అయినా పెట్టినరోజే ఎవరికీ బదులు రాయవద్దు. నాలుగోది రాసేటప్పుడు ‘వాళ్లు’ అన్న మాట వచ్చినచోటల్లా ‘మీరు’ అని మార్చి పైకి చదువు. ముఖం ఎదుట అనలేని వాక్యాలు వాటంతటవే కొట్టివేతకు వస్తాయి.

ఆ పెద్దావిడ పోయి చాలా ఏళ్లయింది. ఆమె కుమారుడు రిటైరై హైదరాబాదులో, మీ ఇంటికి రెండు బస్సు స్టాపుల దూరంలోనే ఉంటున్నాడు. నిత్యం పూజ చేసుకొనేవాడు, బాగా చదివినవాడు. నిన్న ఫోను చేసి నీ సంగతి చెప్పాను. వీడియో ఇంతకుముందే చూశాడట. నీవు నా మనవడివని తెలియక రెండు మాటలు కూడా రాశాడట, ఏమి రాశాడో నేను అడగలేదు. నీ పూర్వపక్షం చదివి ఎక్కడ తప్పో చెబుతానన్నాడు. క్రిస్మస్‌కు మీ నాయనమ్మ అరిసెలు వండుతున్నది. నీకు పంపే డబ్బాతో పాటు ఒక గిన్నె విడిగా కట్టి పంపుతాను, అది వాళ్లింటికి.

మీ తాతయ్య