లేత్‌కి ఏ డయల్ కొనాలి?

ప్రశ్న: సార్, మాది ఒడిశాలో గుణుపురం. ఇంటి వెనక షెడ్డులో సెకండ్‌హ్యాండ్ లేత్ పెట్టాను, ఫోర్ జా చక్‌లో (నాలుగు దవడలు విడివిడిగా బిగించే పట్టులో) జాబ్ (చెక్కే ముక్క) సరిగ్గా మధ్యలో తిరిగేలా సెంటర్ చెయ్యడానికి డయల్ (తేడాని ముల్లుతో చూపే గేజి) కొందామని బరంపురం వెళ్తే షాపాయన ప్లంజర్‌దా లివర్‌దా అని అడిగాడు, ఏది తీసుకోమంటారు?

జవాబు: ముందు ప్లంజర్‌దే (తిన్నగా లోపలికి నొక్కుకునే పుల్ల ఉన్నది) తీసుకో తమ్ముడూ, 10 మి.మీ. ట్రావెల్, 0.01 మి.మీ. లీస్ట్ కౌంట్‌ది (అంటే అది చూపగలిగే అతి చిన్న తేడా). మైక్రాన్ డయల్ (0.001 మి.మీ. దాకా చూపేది) జోలికెళ్లకు, పాత లేత్ మీద దాని ముల్లు కుదురుగా ఉండదు. లివర్‌ది (పక్కకి ఊగే చిన్న పుల్ల ఉన్నది) చిన్న బోర్ (రంధ్రం) లోపల చూడ్డానికి బాగుంటుంది, తర్వాత కొనుక్కోవచ్చు. డబ్బులు మాత్రం మాగ్నెటిక్ బేస్ (డయల్‌ని పట్టుకునే అయస్కాంతపు స్టాండు) మీద పెట్టు, రాడ్ ఊగితే ముల్లు చెప్పేదంతా అబద్ధమే.

లేత్ బెడ్ శుభ్రంగా తుడిచి బేస్ పెట్టు, ప్లంజర్ జాబ్ సెంటర్ ఎత్తులో తిన్నగా ఆనాలి, ఏటవాలుగా ఉంటే రీడింగ్ తేడా వస్తుంది. ముల్లు అర రౌండో రౌండో తిరిగేలా నొక్కి ఉంచి సున్నా పెట్టుకో, మోటార్ ఆపేసి చక్ చేత్తోనే తిప్పు. ఎదురెదురు జాల దగ్గర 0.20 మి.మీ. తేడా వచ్చిందనుకో, జాబ్ జరపాల్సింది 0.10 మాత్రమే, ఇక్కడే చాలామంది మొత్తం 0.20 జరిపేసి పొద్దుగూకేదాకా అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటారు. జాబ్ లోపలికున్న (ముల్లు తక్కువ చూపిన) వైపు జా కాస్త లూజ్ చేసి, బయటికున్న వైపుది బిగించు. తర్వాత మిగతా రెండు.

నల్ల పెచ్చు ఉన్న రాడ్ అయితే ముందు సుద్దముక్కతో సుమారుగా సెంటర్ చేసుకో, డయల్ తర్వాత. ఆ ప్లంజర్‌కి నూనె మాత్రం వెయ్యకు, దుమ్ము పట్టి అతుక్కుపోతుంది.