మునెమ్మా, అలివేలా, వెంగమాంబా: పాపకు ఏ పేరు పెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకు పాతకాలపు పేరే పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు, ఏ పేరన్న దగ్గరే ఆగిపోయారు. మీ పుట్టింటివారు అలివేలు అంటున్నారు. మామగారు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టమంటున్నారు. మీ వారికేమో తనను పెంచిన అవ్వ మునెమ్మ పేరు పెట్టాలని ఉంది. పంతులుగారు కృత్తిక ఒకటో పాదం, ‘అ’ అక్షరం అన్నారు. చివర్లో ఇంకో మాట రాశారు, మీరు మళ్లీ ఉద్యోగంలో చేరాక పాపను చూసుకునేది అత్తగారేనని. నేను ముందు ఆ మాటే పట్టుకుంటాను.

రోజంతా బిడ్డను పిలిచే మనిషి ఆ పేరు పలకగలగాలి. మన ఇళ్లలో కోడళ్లు అత్త పేరు నోట పలకరు. మీ వారి అవ్వ మునెమ్మ మీ అత్తగారికి స్వయానా అత్త. మా బావగారి కూతురి విషయంలో ఏం జరిగిందో చెబుతాను. ఆ పిల్లకు మా అత్తగారి అత్త లక్షుమమ్మ పేరు పెట్టారు. బారసాల రోజు బియ్యంలో ఉంగరంతో ఆ పేరు రాసినప్పుడు అందరి కళ్లూ చెమర్చాయి. ఆ తరవాత మా అత్తగారు ఆ పేరుతో పిల్లను ఒక్కసారి కూడా పిలవలేదు. “ఇదిగో”, “ఏమ్మా”, “చిట్టీ” అంటూ నెట్టుకొచ్చారు. మా తోడికోడలికీ అదే ఇబ్బంది. పిల్ల సాంబారు గిన్నె ఒంటి మీద ఒంపుకుంటే “లక్షుమమ్మా, నీకు బుద్ధి లేదా” అని గదమాయించబోయి, పక్కనే అత్తగారు ఉన్నారని గుర్తొచ్చి సగంలో మింగేసింది. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఊరందరికీ చిట్టే. లక్షుమమ్మ అన్న పేరు హాల్ టికెట్ మీద తప్ప ఎక్కడా వినపడదు. ఎంతో ప్రేమతో పెట్టిన పేరు ఇంట్లో ఎవరి నోటా పలకకుండా ఉండిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే మిగతా అందరితో మాట్లాడే ముందు అత్తగారి దగ్గర ఒంటరిగా కూర్చుని అడగండి. “అత్తా, పాపను మునెమ్మా అని నోరారా పిలుస్తారా? కోపమొస్తే ఆ పేరు పెట్టి తిట్టగలరా?” అని సూటిగా అడగండి. మొగుడి ముందు కాని, కొడుకు ముందు కాని అడిగితే ఆమె సరేనంటారు తప్ప మనసులో మాట బయటికి రాదు.

ఇక వెంగమాంబ. మా అమ్మాయి పేరు అదే, ఇంట్లో వెంగమ అంటాం. మా మామగారిది వాయల్పాడు దగ్గరి పల్లె, తరిగొండ వాళ్లకు ఇంటి పక్క ఊరిలాంటిది. ఈ పేరు పెడదామన్నది మాత్రం నేనే. పద్దెనిమిదో శతాబ్దంలో, చిన్న వయసులోనే భర్త పోతే, జుట్టు తీయించుకోను, బొట్టు చెరుపుకోను అని ఊరికి ఎదురు నిలిచిన మనిషి ఆమె. తిరుమల కొండెక్కి, అక్కడే ఉండిపోయి, వేంకటాచల మాహాత్మ్యం రాసింది. ఈనాటికీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఇచ్చే ముత్యాల హారతి ఆమె పేరు మీదే. నా కూతురికి అంతకంటే మంచి పేరు నాకు తోచలేదు.

మా అమ్మ ఒప్పుకోలేదు. “భర్త పోయిన ఆమె పేరు పసిబిడ్డకా?” అంది. మీ పుట్టింటివారు పైకి అనకపోయినా మనసులో ఇదే ఉండవచ్చు, ఒకసారి కనుక్కోండి. నేను అమ్మతో వాదించలేదు, తిరుమలకు తీసుకెళ్లాను. దర్శనమయ్యాక భోజనానికి వెళ్తే, భవనం మీద పెద్ద అక్షరాలతో ‘మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ’ అని ఉంటుంది కదా. లోపల పంక్తుల నిండా జనం. చక్కెర పొంగలి వడ్డిస్తుంటే అమ్మ విస్తరి ముందు చేతులు జోడించి, “ఇంతమందికి అన్నం పెడుతున్న తల్లి” అంది. ఆ తరవాత ఆ మాట ఎత్తలేదు. మా అమ్మాయికి అక్షరాలు వచ్చిన కొత్తలో అదే బోర్డు ముందు నిలబడి, “వ... వెం... గ... మాం...” అని కూడబలుక్కుని, ఆఖరి అక్షరం దగ్గరికి వచ్చేసరికి అరిచేసింది. క్యూలో ముందున్నవాళ్లంతా వెనక్కి తిరిగి నవ్వారు. కొండ మీద అంత పెద్ద ఇంటికి తన పేరు ఎందుకు పెట్టారో చెప్పమని ఆ రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

బడిలో ఏమంటారోనని భయపడుతున్నారు. అనేవాళ్లు అంటారు. ఒక టీచరు మా అమ్మాయిని అందరి ముందూ “ఇంకేదైనా మంచి పేరు లేదా?” అని అడిగింది. పిల్ల ఏడుస్తూ రాలేదు, ఆశ్చర్యపోతూ వచ్చింది. తన పేరు ఎవరిదో దానికి అప్పటికే తెలుసు, టీచరుకు తెలియదని జాలిపడింది. కాబట్టి ఏ పేరు పెట్టినా, ఆ పేరుగల మనిషి కథ పిల్లకు బడికి వెళ్లే లోపే చెప్పేయండి. పేరు పాతదని ముందు మీరే మొహమాటపడితే పిల్ల కూడా అదే నేర్చుకుంటుంది.

అలివేలు గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా లేదు, చక్కని పేరు. తిరుచానూరు అమ్మవారి పేరు ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు. కార్తీకంలో పంచమి తీర్థం నాడు పద్మసరోవరం దగ్గరికి వెళ్లి చూడండి, అలివేలూ అని గట్టిగా పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారో. నగరి, పుత్తూరు వైపు చుట్టాలుంటే వాళ్లు అలమేలు అంటారు. పలకడం ఎలా ఉన్నా ఇంగ్లీషు అక్షరాల్లో మాత్రం ఒకే స్పెల్లింగు ఖాయం చేసుకోండి.

నన్నడిగితే, అత్తగారు పిలవగలనంటే మాత్రం, మునెమ్మ పేరే పెట్టండి. మీరు దానికి సిగ్గుపడుతున్నట్టు అనిపించింది, “మరీ పల్లెటూరి పేరు” అని రాశారు. పాతపేర్లు మళ్లీ వస్తున్నాయని అందరం మురిసిపోతున్నాం కాని, వస్తున్నవి నున్నగా ఉండే సంస్కృతం పేర్లే. మునెమ్మ, కుప్పమ్మ, చెంగమ్మ, ద్రౌపదమ్మ లాంటివి రావడం లేదు. ఒకప్పుడు తిరుపతి చుట్టుపక్కల ఏ వీధికి వెళ్లినా మునిరత్నం, మునిరాజ, మునిస్వామి, మునిలక్ష్మి కనిపించేవారు. ‘ముని’ అని వినగానే ఎక్కడున్నా “మీది తిరుపతి వైపా?” అని అడిగేవారు. ఇప్పుడు ఊయలల్లో ఆ పేరు వినపడటం లేదు. అలివేలుకు తిరుచానూరు ఉంది. వెంగమాంబకు తిరుమల ఉంది. మీ వారిని పెంచిన మునెమ్మకు మీ ఇల్లు తప్ప ఇంకేముంది? మునిలక్ష్మి అనో, మన్వి అనో మార్చి, ‘అవ్వ పేరు కలిసేలా పెట్టాం’ అని సరిపెట్టుకోవద్దు. మునెమ్మ అంటే మునెమ్మే. ఇంట్లో మునీ అని పిలుచుకోవడానికి ఎంత ముద్దుగా ఉంటుందో ఒకసారి పలికి చూడండి.

అత్తగారు తటపటాయిస్తే బలవంతపెట్టకండి. అప్పుడు వెంగమాంబ, అది మామగారి కోరిక కూడా. ‘అ’ అక్షరం గురించి బెంగ వద్దు. నక్షత్ర నామం బారసాల రోజు చెవిలో చెప్పి, వ్యవహార నామం వేరుగా పెట్టుకోవడం మనకు ఎప్పటినుంచో ఉన్నదే. కావాలంటే చెవిలో చెప్పే పేరు అలివేలు చేయండి, పుట్టింటివారి మాటా నిలబడుతుంది. కాని సర్టిఫికెట్లో మూడు పేర్లూ కలిపి రాయించకండి. ఇంటిపేరు కూడా ముందు చేరితే పిల్ల జీవితాంతం ఏ ఫారంలోనూ తన పేరు పూర్తిగా రాయలేదు.

బారసాలకు తేలకపోయినా కంగారు లేదు. 21 రోజుల్లోపు జననం నమోదైతే చాలు, పేరు లేకుండానే నమోదు చేస్తారు. పేరు 12 నెలల లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తరవాతైతే రుసుము కట్టాలి. అయితే 2023 అక్టోబరు 1న గాని, ఆ తరవాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గరి నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి పేరు రాయించే రోజు తెలుగులో, ఇంగ్లీషులో రెండూ కాగితం మీద రాసి తీసుకెళ్లండి, అచ్చు తీసిన ప్రతిని కౌంటరు దగ్గరే అక్షరం అక్షరం సరిచూసుకుని రండి. ఏ పేరు ఖాయమైందో ఇక్కడే రాయండి, ఎదురుచూస్తుంటాను.